దారి కింద గోడ

కొండసీమలో దూరాన్ని కిలోమీటర్లలో అడిగేవాణ్ణి చూస్తే కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది. ఇటలీకి వాయవ్య మూల, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి లా స్పెత్సియా దాటేదాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే లిగూరియాలో కాలిబాటల పక్కన పాతిన పలకల మీద ఊరి పేరు, దాని ఎదురుగా గంటలూ నిమిషాలూ రాసి ఉంటాయి. మొంటెరోస్సో నుంచి వెర్నాజ్జాకి నడక దారి మూడున్నర కిలోమీటర్లు. పలక మాత్రం దాదాపు రెండు గంటలంటుంది. అచ్చుతప్పేమో అనుకుని బయల్దేరినవాడు అరగంట తిరక్కుండానే ఆ పలక రాసినవాడికి మనసులో దణ్ణం పెట్టుకుంటాడు. అవే రెండూళ్ళ మధ్య రైలుకు పట్టేది నాలుగు నిమిషాలు.

ఆ ప్రాంతపు నూటయాభై ఏళ్ళ కథంతా ఈ రెండు లెక్కల తేడాలోనే ఉంది.

ఆల్ప్స్, అపెన్నైన్ కొండలు ఇక్కడ ఒకదాని భుజం ఒకటి పట్టుకుని సరాసరి సముద్రంలోకి దిగిపోతాయి. మధ్యలో మైదానమన్నది పేరుకే. బల్లపరుపు నేలకి ఎంత కరువంటే, జెనోవా నగరానికి విమానాశ్రయం కావాల్సొచ్చినప్పుడు సముద్రాన్ని పూడ్చి కట్టుకున్నారు. రోడ్డు వెయ్యాలంటే కొండకి కన్నం వెయ్యాలి, లేదంటే లోయలో స్తంభాలు లేపాలి. జెనోవాలో అలా లేపిన మొరాండీ వంతెన 2018 ఆగస్టు 14న వానలో కూలిపోయి 43 మందిని బలి తీసుకుంది. అది కట్టింది 1967లో. కాంక్రీటు లోపల ఉక్కు తీగలు తుప్పు పట్టాయి. వాటిని ఎవరు ఎప్పుడు చూడాలి, ఎందుకు చూడలేదు అన్న విచారణ ఏళ్ళ తరబడి నడిచింది. జెనోవాలోనే పుట్టిన వాస్తుశిల్పి రెంజో పియానో గీసిన కొత్త వంతెన రెండేళ్ళలో లేచి నిలబడింది. ఇప్పుడు దాని మీదుగా బస్సులు బుర్రున పోతుంటాయి. ఎక్కినవాళ్ళలో సగం మంది ఫోన్లలోనే ఉంటారు. దారి బాగున్నంతకాలం దాని సంగతి ఎవరికీ పట్టదు కదా.

మిలాన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు నన్ను జెనోవా ప్రిన్చిపే స్టేషన్లో దింపుతూనే, "ముందు లిఫ్టెక్కుదాం రండి మావయ్యా" అంది. హోటలు గది ఏ అంతస్తో అనుకున్నాను. కాదు, ఆ ఊళ్ళో లిఫ్టు కూడా సిటీ బస్సే. పాత నగరం కింద, తర్వాత పెరిగిన పేటలు కొండమీద. వీధి అవతలి వీధికి ఎనిమిదంతస్తుల ఎత్తున ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు! కాస్తెల్లెత్తో పేటకి వెళ్ళే లిఫ్టు 1909 నుంచి జనాన్ని మోస్తోంది. కూరగాయల సంచులతో ముసలమ్మలు, స్కూలు పిల్లలు, కుక్కపిల్లని చంకనేసుకున్న పెద్దమనిషి, అందరూ అలవాటుగా ఎక్కి దిగుతారు. స్టేషన్ దగ్గరున్న ఇంకో లిఫ్టు మరీ విచిత్రం. డబ్బాలో కూర్చున్నాక అది ముందు సొరంగంలో రైలులాగా అడ్డంగా పోతుంది. కాస్సేపటికి ఆగుతుంది. కింద ఏదో గడగడమంటుంది. అక్కణ్ణుంచి నిటారుగా పైకి లేస్తుంది. "పాడైపోయిందా అమ్మాయ్?" అంటే, "ఇదే దీని డ్యూటీ మావయ్యా" అని నవ్వింది. పైన దిగేసరికి ఒక సాహసికుడైన నావికుడు కట్టుకున్న కోట, దాని ముంగిట మొత్తం రేవు.

నిజానికి నేను వెళ్ళింది జెనోవా కోసం కాదు. అందరూ వెళ్ళేచోటికే వెళ్ళాను, చింక్వె తెర్రెకి. మొంటెరోస్సో, వెర్నాజ్జా, కొర్నీలియా, మనరోలా, రియోమజ్జొరె అని వరసగా అయిదు ఊళ్ళు. రంగురంగుల ఇళ్ళ కేలెండర్లలో, కంప్యూటరు తెరల మీద ఆ ఊళ్ళు చూడనివాళ్ళుండరు. ఆ బొమ్మలు చూపించనిది ఇళ్ళ వెనక ఉంది. ఎటు చూసినా కొండ వాలుని మెట్లు మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకీ రాళ్ళ గోడ పేర్చి, గోడ వెనక గంపలతో మట్టి మోసి పోసి, ఆ మూరెడు మట్టిలో ద్రాక్ష నాటుకున్న మళ్ళు. సుమారు వెయ్యేళ్ళ పని. ఆ గోడలన్నీ వరసగా పేరిస్తే చైనా గోడకి పోటీ వస్తాయని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. కొలిచి చూసే ఓపిక నాకు లేదు గానీ, ఒక్క వాలు మీద ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేశాను.

రైలు రాకముందు ఈ ఊళ్ళవాళ్ళు ఎలా తిరిగేవాళ్ళు? సముద్రం బాగుంటే పడవ. వెర్నాజ్జాకి తప్ప మిగతావాటికి చెప్పుకోదగ్గ రేవు కూడా లేదు. సముద్రం బాగాలేకపోతే కొండ. ఇప్పుడు పర్యాటకులు నడిచే తీరపు బాట కన్నా పాతది, గట్టిది, పైన శిఖరాల అంచున పోయే బాట. కిందనుంచి ఓడదొంగల భయం, పైన నేల కూడా స్థిరంగా ఉంటుంది. ప్రతి ఊరికీ పైన కొండమీద ఒక మేరీమాత గుడి ఉంది. ఆ గుడులను కలుపుతూ ఇంకో బాట. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న ప్రతి పాత దారీ పొలానికో, గుడికో, చేపల బేరానికో వేసుకున్నదే. చూసి ఆనందించడానికని ఎవరూ ఒక్క మెట్టు కూడా కట్టలేదు. ఈ మాట గుర్తుంటే ఆ మెట్లు అంత ఎత్తెత్తుగా, అంత ఎగుడుదిగుడుగా ఎందుకున్నాయో అర్థమవుతుంది. మోకాళ్ళు మాత్రం అర్థం చేసుకోవు.

1869లో లా స్పెత్సియాలో ఇటలీ నౌకాదళపు ఆయుధశాల మొదలైంది. 1874లో జెనోవా నుంచి లా స్పెత్సియాకి రైలు మార్గం పూర్తయింది. ఈ రెండూ కలిసి అయిదు ఊళ్ళ తలరాత మార్చేశాయి. తెల్లారి రైలెక్కితే నెల జీతం వచ్చే పని. వానొచ్చినా ఎండొచ్చినా జీతం జీతమే. పందిరి కింద నడుము విరుచుకుని ద్రాక్ష కోసే కొడుకు ఓడల ఇనుము కరిగించే పనికి పోయాడు. తప్పు పట్టడానికి మనమెవరం? తర్వాత ద్రాక్ష వేళ్ళను తినేసే ఫిలోక్సెరా పురుగు వచ్చింది. ఒక్కో మడీ బీడుపడింది. తుప్పలు, పైన్ చెట్లు అల్లుకున్నాయి. ఈరోజు ఊరి దగ్గర్లో పచ్చగా కనిపించే మళ్ళను మించి ఎన్నో రెట్లు ఆ అడవి కింద దాగున్నాయి. పరీక్షగా చూస్తే చెట్ల మధ్య గోడల వరసలు తెలుస్తాయి.

ఆ రైలే మళ్ళీ లోకాన్నంతా మోసుకొచ్చి ఆ మళ్ళ ముందు దింపింది. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో జాతీయ ఉద్యానవనం అయింది. ఇటలీలో అతి చిన్నది, జనసాంద్రత అతి ఎక్కువ ఉన్నది ఇదే. రైలు మనుషుల్ని తీసుకుపోయినందుకు గోడలు పడిపోతున్నాయి. మిగిలిన గోడలు చూడ్డానికి అదే రైల్లో మనం దిగుతున్నాం. ఈ చిక్కుముడిని ఎవరు విప్పాలో నాకు తెలీదు.

రైలు గురించి కాస్త పనికొచ్చే మాటలు. అయిదూళ్ళకి అటూ ఇటూ ఉన్న లా స్పెత్సియా, లెవాంతో మధ్య పర్యాటకుల కాలంలో గంటకి మూడు నాలుగు రైళ్ళు నడుస్తాయి. విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్ళినవాళ్ళకి సొరంగాలు కొత్తకాదు. అక్కడ చీకటి దాటితే లోయ, ఇక్కడ చీకటి దాటితే సముద్రం. అదీ రెండు మూడు క్షణాలే. ఫోను తీసేలోపు మళ్ళీ చీకటి. రైలునిండా "ఆఁ" అని ఒక అరుపు, వెంటనే "అయ్యో" అని ఇంకోటి. వెర్నాజ్జాలో ప్లాట్‌ఫాం బయట కాస్త, మిగతాదంతా సొరంగంలోనే. "చివరి పెట్టె వద్దు మావయ్యా" అని మేనకోడలు ముందే చెప్పింది. చెప్పకపోతే కటిక చీకట్లో రైలాగింది, ఊరింకా రాలేదని కూర్చునే ఉందును. తలుపు మీట మనమే నొక్కాలి, తనంతట తెరుచుకోదు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద మిషన్లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే జరిమానా. సమ్మెలు మామూలే గానీ ముందుగా ప్రకటిస్తారు, పొద్దున సాయంత్రం పనికి పోయేవాళ్ళ వేళల్లో కొన్ని రైళ్ళు విధిగా నడుపుతారు. కారు మాట మర్చిపోండి. రోడ్డు ఊరి నెత్తిమీద ఎక్కడో ఆగిపోతుంది, బండి అక్కడే పెట్టి దిగి రావాలి. పడవ మంచిది. సముద్రం మీంచి చూస్తే గోడల వరసలు ఒక్క చూపులో అందుతాయి. అల లేస్తే మాత్రం పడవలు కట్టేస్తారు. కొర్నీలియాకి అసలు పడవే లేదు.

కొర్నీలియా గురించి ఆగి చెప్పాలి. అయిదింటిలో సముద్రాన్ని ముట్టుకోనిది అదొక్కటే, నూరు మీటర్ల ఎత్తున కొండకొమ్ము మీద కూర్చుంది. స్టేషన్ మాత్రం కింద, అలల పక్కన. రెంటికీ మధ్య లార్దరీనా అనే మెట్ల దారి, 33 మలుపులు, 382 మెట్లు. ఇటుకతో కట్టిన వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ మళ్ళుతూ పోతాయి. మొదటి అయిదారు మలుపుల్లో అందరూ మాట్లాడుకుంటూ ఎక్కుతారు. ఆ తర్వాత ఎవరి ఊపిరి వాళ్ళది. జర్మన్లు, కొరియన్లు, అమెరికన్లు, నేను, అందరం ఒకే భాషలో ఆయాసపడ్డాం. మలుపు దగ్గర గోడకానుకుని దృశ్యం చూస్తున్నట్టు నటించడం సర్వదేశ సంప్రదాయమని తెలిసింది. మా పక్కనుంచి ఒక ఊరావిడ రెండు చేతుల్లో రెండు సంచులతో ఆగకుండా ఎక్కిపోయింది. వేగంగా కూడా కాదు. ఒకే తూకంలో, ఒక్క అడుగు కూడా వృథా చెయ్యకుండా. స్టేషన్ నుంచి చిన్న బస్సుంది. దానికోసం నిలబడ్డవాళ్ళ కన్నా మెట్లెక్కినవాళ్ళే ముందు చేరతారు.

పైన ఒక కొట్టులో ఫరినాతా తిన్నాం. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పలుచగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, నడుమ మెత్తన. మిరియాలు చల్లి కాగితంలో చుట్టి ఇచ్చారు. గోధుమకి చదును నేల లేని చోట శనగపిండి, కొండల్లో చెస్ట్‌నట్ పిండి కడుపు నింపాయి. ఉల్లిపాయ కారం ఉంటే ఇంకా బాగుండేదని మా మేనకోడలి అభిప్రాయం. నాదీ అదే.

మనరోలా నుంచి చిన్న బస్సులో పైనున్న వొలాస్త్రా ఊరికి వెళ్ళి, అక్కణ్ణుంచి కొర్నీలియాకి మళ్ళ మధ్యగా నడిచే బాట ఒకటుంది. నన్నడిగితే చింక్వె తెర్రెలో చూడాల్సింది అదే. బాట గోడ నెత్తిమీదే పోతుంది. ఒకపక్క భుజానికి తగిలే పైగోడ, ఇంకోపక్క రెండడుగుల అవతల గాలి, దాని కింద సముద్రం. ద్రాక్షపందిళ్ళు నడుమెత్తు కూడా ఉండవు. ఉప్పుగాలికి తట్టుకోవాలని అంత కిందకి కట్టారు. కోతల కాలంలో మనిషి వంగి, ఒక్కోచోట మోకాళ్ళ మీద పాకి కోయాలి. కోసిన గంపల్ని ఒకప్పుడు ఆడవాళ్ళు తలమీద మోసేవాళ్ళు. ఇప్పుడు రంపపు పళ్ళలాంటి పట్టా మీద పాకే బుల్లి రైళ్ళున్నాయి. ఒకే పట్టా, దానిమీద ఇంజను, ఒక సీటు, వెనక రెండు తొట్లు. కొండ ఎంత నిటారుగా ఉంటే అంత నిటారుగా ఎక్కేస్తాయి. వాటిమీద పర్యాటకులు ఎక్కకూడదు. చూస్తే ఎక్కాలని కూడా అనిపించదు.

అక్కడ ఒకాయన గోడ కడుతున్నాడు. రెండు బారల మేర గోడ పొట్ట వేసి కూలింది. కూలిన రాళ్ళని పెద్దవి ఒకవైపు, అరచేతి మందం రాళ్ళు ఇంకోవైపు, కంకర గంపలో వేరుగా పెట్టుకున్నాడు. సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి చేతిలోకి తీసుకుంటాడు, ఒకసారి తిప్పుతాడు, ఉన్న సందులో పెట్టి చూస్తాడు. నచ్చకపోతే అక్కడే పడేసి ఇంకోటి. నచ్చితే సుత్తితో ఒక అంచు కొట్టి కూర్చోబెడతాడు. ముఖం పెద్దరాళ్ళతో కడుతూ వెనక కంకర నింపుతున్నాడు. వాన నీరు ఆ కంకరలోంచి జారి, సందుల్లోంచి బయటికి పోవాలి. సిమెంటు పెడితే నీళ్ళు వెనక నిలిచి గోడని నెట్టేస్తాయి. మా మేనకోడలు ఇటాలియన్లో ఏదో అడిగింది. ఆయన తలెత్తకుండానే జవాబిచ్చాడు. "ఏమన్నాడే?" "ఈ ముక్క అయ్యేసరికి అవతల ఇంకోటి పడుతుందట మావయ్యా."

2018లో సున్నం లేకుండా రాళ్ళు పేర్చే ఈ విద్యని యునెస్కో ఇటలీ సహా ఎనిమిది దేశాల పేరిట మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. గుర్తింపుతో గోడ నిలబడదు. 2011 అక్టోబరు 25న కొద్ది గంటల్లోనే కుంభవృష్టి కురిసింది. వెర్నాజ్జా నడివీధి కింద ఒక వాగుంది. పూర్వం వాగు మీద కప్పువేసి దాన్నే వీధి చేసుకున్నారు. చోటులేని ఊళ్ళలో అది మామూలే, రియోమజ్జొరెలోనూ అంతే. ఆరోజు వాగు తన దారి తాను అడిగింది. పైన వదిలేసిన మళ్ళ గోడలు కూలి, మట్టీ రాళ్ళూ కార్లూ కలిసి వీధిలోకి వచ్చిపడ్డాయి. దుకాణాల తలుపుల ఎత్తు మించి బురద. వెర్నాజ్జాలో ముగ్గురు చనిపోయారు, మొంటెరోస్సోలో ఒకరు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్తలు వాలు వాలునీ పరిశీలించి, ఈ మధ్యనే సాగు మానేసిన మళ్ళే ఎక్కువగా జారాయని తేల్చారు. పూర్తిగా అడవైపోయిన చోట వేళ్ళు పట్టుకుంటాయి, సాగున్న చోట మనిషి పట్టుకుంటాడు. ఈ రెంటికీ మధ్య వదిలేసిన గోడని ఎవరూ పట్టుకోరు.

అందరికీ తెలిసిన "ప్రేమ బాట" కథ కూడా ఇలాంటిదే. రియోమజ్జొరె నుంచి మనరోలాకి కొండ చరియలో తొలిచిన, కిలోమీటరు కూడా లేని దారి. రైలు సొరంగం పనులు చేసేవాళ్ళు మందుగుండు ఊరికి దూరంగా దాచుకోడానికి వేసుకున్నదది. పనులయ్యాక రెండూళ్ళ కుర్రకారు కలుసుకునే చోటయింది. 2012 సెప్టెంబరులో రాళ్ళు పడి కొందరు పర్యాటకులు గాయపడితే మూసేశారు. తిరిగి తెరిచింది 2024లో. పన్నెండేళ్ళు! ఇప్పుడు ముందుగా వేళ ఖరారు చేసుకుని, టికెట్ కొని, ఒకే దిక్కున నడవాలి. ఇంత ముచ్చటకి ఇంత తతంగమా అని విసుక్కునేవాళ్ళున్నారు. నేను విసుక్కోను. నెత్తిమీద బిగించిన ఇనుప వలలు చూస్తే ఆ తతంగం ఎందుకో అర్థమవుతుంది.

కవి యూజెనియో మొంతాలే చిన్నప్పటి వేసవులు మొంటెరోస్సోలో గడిచాయి. 1925లో వచ్చిన ఆయన తొలి సంపుటిలో ఈ తీరపు ఎండ, ఎండకి కాగిన గోడలు ఉన్నాయి. 1975లో నోబెల్ వచ్చింది. అక్కడి బడ్డీ కొట్లలో ఆయన పుస్తకం కన్నా నిమ్మకాయ బొమ్మల తువ్వాళ్ళు ఎక్కువ అమ్ముడవుతాయి. అందులో వింతేముంది, మనకి మాత్రం కవుల ఊళ్ళు లేవా?

ఇక వెళ్ళదలచినవాళ్ళకి నా మాట. ఆగస్టులో వెళ్ళకండి, ఊళ్ళు చీమల పుట్టల్లా ఉంటాయి. మే నెల గానీ కోతలు జరిగే సెప్టెంబరు గానీ మంచిది. రోజు టికెట్ కొని అయిదూళ్ళూ ఒక్క పూటలో తాకి రావడం కుదురుతుంది, కానీ అలా తాకి వచ్చినవాళ్ళ వల్ల ఊరికి మిగిలేది చెత్తే. ఒక్క ఊళ్ళో రాత్రి ఉండండి. సాయంత్రం రైళ్ళు వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళదవుతుంది, బెంచీల మీదకి ముసలాళ్ళు వస్తారు. కాలిబాట ఎక్కేటప్పుడు పట్టున్న బూట్లు వేసుకోండి, రబ్బరు చెప్పులతో ఎక్కితే జరిమానా వేస్తారు, వెయ్యాలి కూడా. ఫొటో కోసం గోడమీదకి ఎక్కకండి. ఒక్క రాయి కదిలితే వచ్చే వానాకాలానికి బారెడు పోతుంది. వైన్ అలవాటున్నవాళ్ళు షాక్కెత్రా అడగండి. ద్రాక్షని నీడలో నవంబరు దాకా ఎండబెట్టి పిండిన తియ్యటి సారం, పళ్ళ బరువులో మూడో వంతు దిగితే గొప్ప. అలవాటు లేనివాళ్ళు కూడా ఎవరికైనా ఇవ్వడానికి ఒకటి కొనండి. దుకాణంలో కాకుండా, మళ్ళున్న రైతు దగ్గరే కొనండి. సీసా చిన్నదీ, ధర పెద్దదీ. ఆ డబ్బులోంచే గోడ కూలీ రావాలి. బేరమాడకండి.